ఏడో ఎక్కం కావాలి, పదిహేడోది ఎందుకు?

అయిదో తరగతి పిల్లవాడు పదిహేడో ఎక్కం దగ్గర మొరాయించి, "కాలిక్యులేటర్ ఉంది కదా, ఇదంతా ఎందుకు?" అని అడిగితే ఇంట్లో పెద్దవాళ్ల జవాబు రెండు రకాలుగా ఉంటుంది. కొందరు "మా రోజుల్లో ఇరవయ్యో ఎక్కం దాకా గడగడా అప్పజెప్పేవాళ్లం" అని కళ్లెర్రజేస్తారు. కొందరు "వాడన్నదీ నిజమే, ఫోన్లో లేనిదేముంది?" అని వదిలేస్తారు. ఇద్దరూ వాడి ప్రశ్నను సరిగ్గా వినలేదు. వాడు అడిగింది పదిహేడో ఎక్కం గురించి. ఆ మేరకు వాడి మాట సబబే. అదే మాట ఏడో ఎక్కం గురించి అంటే మాత్రం ఒప్పుకోకూడదు. ఏది బుర్రలో ఉండాలి, ఏది పరికరానికి వదిలేయవచ్చు అనే పెద్ద ప్రశ్నకు ఆ తేడాలోనే సగం జవాబు ఉంది.

కాగితం మీద 4,738ని 296తో హెచ్చవేయాలనుకోండి. సంఖ్యలు ఎంత పెద్దవైనా మనం చేసేది ఒక అంకెను మరో అంకెతో హెచ్చవేయడమే. మిగతాదంతా కూడికలు. అంటే రెండో ఎక్కం నుంచి తొమ్మిదో ఎక్కం దాకా నోటికి వస్తే ఏ గుణకారమైనా వచ్చేసినట్టే. సున్నాకీ, ఒకటికీ, పదికీ ఎవరూ కష్టపడనక్కర్లేదు. ఏడెనిమిదులు ఎంతో ఎనిమిదేడులూ అంతే కాబట్టి, జంటల్ని ఒక్కటిగా లెక్కేస్తే నిజంగా కంఠతా పట్టాల్సినవి 36 మాత్రమే. బళ్లో పిల్లల్ని ఏళ్ల తరబడి భయపెట్టే వ్యవహారం మొత్తం ఇంతే. పదిహేడో ఎక్కం ఈ 36 నుంచి ఎప్పుడు కావాలంటే అప్పుడు పుడుతుంది. పదార్లు అరవై, ఏడార్లు నలభై రెండు, వెరసి నూట రెండు. నోటికి వస్తే సుఖం. రాకపోతే రెండు మూడు సెకన్ల ఆలస్యం, అంతకు మించి నష్టం లేదు. ఏడెనిమిదులు యాభై ఆరు అన్నది మాత్రం అంత సులువుగా దేన్నుంచీ పుట్టదు. అది ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

కంఠతా పట్టాల్సిన జాబితా ఎప్పుడూ ఒకేలా లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. పాతతరం వాళ్లు మామూలు ఎక్కాలతో పాటు పావు ఎక్కం, అర ఎక్కం, ముప్పావు ఎక్కం కూడా వల్లె వేసేవారు. సరదాకు కాదు. అప్పటి రూపాయికి పదహారు అణాలు, అణాకు నాలుగు పైసలు, రూపాయికి అరవై నాలుగు పైసలు. సేరు ఆరణాల మూడు పైసలైతే అయిదు సేర్లు ఎంత? ఒక్కో సేరుకు ఇరవై ఏడు పైసలు, అయిదింటికి నూట ముప్పై అయిదు. అందులోంచి రెండు అరవై నాలుగులు తీసేస్తే మిగిలేవి ఏడు పైసలు. అంటే రెండు రూపాయల ఒక అణా మూడు పైసలు. కొట్టు ముందు నిలబడి ఇంత లెక్క కట్టాలంటే భిన్నాల ఎక్కాలు నోట్లో ఆడాల్సిందే, లేకపోతే షావుకారు చెప్పిందే లెక్క. ఇక గిద్ద, సోల, మానిక, కుంచం, తూము అంటూ ధాన్యం కొలతలు వేరే ఉండేవి. అవీ ప్రాంతాన్ని బట్టి మారేవి.

1957 ఏప్రిల్ 1న రూపాయికి నూరు నయాపైసలు అయ్యాయి. ఆ మరుసటి ఏడాది నుంచి కిలోలు, లీటర్లు అంచెలంచెలుగా అమల్లోకి వచ్చాయి. దాంతో ముప్పావు ఎక్కం మెల్లగా బడి వదిలి వెళ్లిపోయింది. దానివల్ల ఆ తర్వాతి తరం తెలివి తగ్గిందని ఎవరైనా అనగలరా? మంచి కొలతల పద్ధతి కూడా ఒక పరికరమే. అది వచ్చి బుర్ర మీద ఉన్న బరువు దించింది. దించాల్సిన బరువే కాబట్టి నష్టం జరగలేదు. పాతరోజుల్ని తలుచుకుని నిట్టూర్చేవాళ్లు ఇది మరిచిపోతారు. కానీ ఆ మార్పులో కూడా రెండు నుంచి తొమ్మిది దాకా ఉన్న ఎక్కాలు చెక్కుచెదరలేదు. దశాంశ పద్ధతి నడిచేదే వాటి మీద.

అవి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే లెక్క చేసేటప్పుడు తలలో ఏం జరుగుతుందో చూడాలి. 47ను 6తో నోటి లెక్కగా హెచ్చవేయండి. నలభై ఆర్లు రెండువందల నలభై. ఆ 240ని తలలో నిలబెట్టుకుని ఏడార్లు ఎంతో చూడాలి. నలభై రెండు అని వెంటనే తోచినవాడు 282 అనేస్తాడు. తోచనివాడు ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి అంటూ కూడుకుంటూ పోతాడు. నలభై రెండుకు చేరేసరికి ఆ 240 కాస్తా జారిపోతుంది. మళ్లీ మొదటికి రావాలి. వాడికి గుణకారం అర్థం కాలేదని మేష్టారు అనుకుంటారు. నిజానికి అర్థమైంది, చోటే చాల్లేదు.

ఈ చోటు సంగతిని మనస్తత్వ శాస్త్రజ్ఞులు చాలాకాలంగా పరిశీలిస్తున్నారు. జార్జ్ మిల్లర్ 1956లో రాసిన వ్యాసంలో మనిషి ఒకేసారి తలలో నిలుపుకోగలిగేవి ఏడు, అటూ ఇటూగా రెండు అన్నారు. నెల్సన్ కోవన్ 2001లో ఆ అంకెను నాలుగు దగ్గరికి దించారు. ఈ చిన్న చోటునే వర్కింగ్ మెమరీ అంటారు. దీర్ఘకాల జ్ఞాపకానికి మాత్రం ఇలాంటి హద్దు ఇంతవరకూ కనబడలేదు. పనిచేసే బల్ల చాలా చిన్నది, వెనకున్న గోదాము చాలా పెద్దది అనుకోండి. గోదాములో సిద్ధంగా ఉన్న వస్తువు ఎంత పెద్దదైనా బల్ల మీదికి ఒక్క ముక్కగానే వస్తుంది. బయటి నుంచి తెచ్చుకునేది విడివిడి భాగాలుగా వచ్చి బల్లంతా ఆక్రమిస్తుంది. ఫోన్లో వెతికి తెచ్చుకున్న సమాచారం ఈ రెండో రకం. చదవడం కూడా ఇంతే. గుణింతాలూ ఒత్తులూ ఇంకా తడుముకునే పిల్ల వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతుంది. అక్షరాలు గోదాములోకి చేరాక బల్ల ఖాళీ అవుతుంది. అర్థానికి చోటు దొరికేది అప్పుడే.

దీనికి పేరుపడ్డ రుజువు చదరంగంలో ఉంది. విలియం ఛేజ్, హెర్బర్ట్ సైమన్ 1973లో ప్రచురించిన ప్రయోగంలో ఆట మధ్యలో ఉన్న బోర్డును అయిదు సెకన్లు చూపించి, తీసేసి, బలగాలను మళ్లీ అలాగే అమర్చమన్నారు. మాస్టర్ స్థాయి ఆటగాడు చాలావరకు సరిగ్గా పెట్టాడు. కొత్తవాడు కొన్నింటితోనే ఆగిపోయాడు. ఇంతవరకూ ఊహించిందే. తర్వాత బలగాలను ఆటతో పొంతన లేకుండా ఇష్టమొచ్చినట్టు పెట్టి చూపించారు. మాస్టర్ ఆధిక్యం దాదాపు మాయమైంది. అంటే ఆయన జ్ఞాపకశక్తి అందరిలాంటిదే. వేల ఆటల అమరికలు ఆయన గోదాములో ఉన్నాయి, అంతే తేడా. మనం విడివిడిగా ఇరవై బలగాలు చూసే చోట ఆయన నాలుగైదు పరిచయమైన గుంపులు చూస్తాడు.

దీన్నే మనవాళ్లు సభలో కళ్లారా చూశారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు ఒకరు సమస్య, ఒకరు దత్తపది, ఒకరు నిషిద్ధాక్షరి ఇస్తారు. అవధాని పద్యాన్ని ఒక్కసారే పూర్తి చేయడు. ఒక ఆవృత్తికి ఒక్కో పాదం చొప్పున చెప్పుకుంటూ పోతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఏవేవో అడిగి మనసు మళ్లించాలని చూస్తుంటాడు. గంట ఎన్నిసార్లు మోగిందో కూడా లెక్క పెట్టుకోవాలి. చివర పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెప్పాలి. తిరుపతి వేంకట కవులు ఊరూరా తిరిగి శతావధానాలు చేస్తుంటే జనం దైవశక్తి అనుకున్నారంటే ఆశ్చర్యం లేదు. కానీ ఉత్పలమాలను చూడండి. పాదానికి ఇరవై అక్షరాలు, నాలుగు పాదాలకు ఎనభై. ఛందస్సు రానివాడికి అవి ఎనభై వేర్వేరు అక్షరాలు. వచ్చినవాడికి ఏ చోట గురువు, ఏ చోట లఘువు రావాలో ముందే తెలుసు. రెండో అక్షరం ప్రాసతో కట్టుబడి ఉంటుంది. పదో అక్షరం మొదటి అక్షరంతో యతికి లొంగి ఉంటుంది. పద్యాన్ని గుర్తుపెట్టుకునే పనిలో సగం పద్యమే చేసిపెడుతుంది. మిగతా సగం కావ్యాలు కంఠస్థం చేసిన ఏళ్లు చేస్తాయి. ఆ చదువు లేకుండా జ్ఞాపకశక్తి పెంచే మాత్రలు డబ్బాలకొద్దీ మింగినా అవధానం రాదు.

ఇదంతా విని బట్టీకి జై కొడుతున్నానని అనుకోకండి. ఇంటర్మీడియట్ పరీక్షల ముందు మన హాస్టళ్లలో జరిగేదాన్ని చూసినవాళ్లెవరూ ఆ పని చేయలేరు. వచ్చే ప్రశ్నలు ఇవీ, రాయాల్సిన జవాబులు ఇవీ అని ముద్రించి ఇచ్చి, పేరాకు పేరా ఎక్కించడం వేరే విద్య. రిచర్డ్ ఫైన్మన్ అనే అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త 1950ల మొదట్లో బ్రెజిల్‌లో పాఠాలు చెప్పి, ఆ అనుభవం తన పుస్తకంలో రాశాడు. కాంతి నీటి మీద పడి ప్రతిఫలిస్తే పోలరైజ్ అవుతుందన్న సూత్రాన్ని అక్కడి విద్యార్థులు పొల్లు పోకుండా అప్పజెప్పారు. చేతిలో పోలరాయిడ్ పలకలు కూడా ఉన్నాయి. కిటికీలోంచి ఎదురుగా కనిపిస్తున్న సముద్రపు నీటి మీది వెలుగును చూడమంటే మాత్రం, తాము చదివింది అదేనని వాళ్లకు తట్టలేదు. మాటలు గోదాములోకి చేరాయి గానీ, దేనికీ ముడిపడలేదు. అందుకే అవసరమైనప్పుడు బల్ల మీదికి రాలేదు. కంఠతా పట్టడం తప్పు కాదు. పట్టినదాన్ని మరో నాలుగింటితో కలపకుండా వదిలేయడమే తప్పు.

పట్టే పద్ధతిలోనూ తేడా ఉంది. మన పాత బళ్లలో వల్లె వేయించడమూ ఉండేది, అప్పజెప్పించుకోవడమూ ఉండేది. వల్లె వేయడమంటే చూస్తూనో వింటూనో మళ్లీ మళ్లీ అనడం. అప్పజెప్పడమంటే పుస్తకం మూసేసి, చూడకుండా బయటికి లాగడం. హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో ఈ రెండింటినీ పోల్చి చూశారు. కొందరు విద్యార్థులు పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివారు. కొందరు చదివి, మూసి, గుర్తున్నది రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తలకిందులైంది. గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లకే ఎక్కువ నిలిచింది. పరీక్ష ముందు రాత్రంతా పుస్తకం తిరగేసినవాడికి అంతా వచ్చినట్టే ఉండి, నెల తిరక్కుండా ఏమీ మిగలకపోవడానికి కారణం ఇదే. కొంచెం మరిచిపోయే దాకా ఆగి, అప్పుడు కష్టపడి లాక్కుంటే గట్టిపడుతుంది. మేష్టారి ముందు నిలబడి అప్పజెప్పడంలో బెత్తాన్ని పక్కనబెడితే, పద్ధతి మంచిదే.

ఇక పరికరాల వైపు చూద్దాం. బడి పిల్లల కోసం ఒక్కోటి 45 రూపాయల చొప్పున 18 నోట్ పుస్తకాలు కొన్నారు. కొట్టువాడు హడావుడిలో కాలిక్యులేటర్ మీద ఒక సున్నా ఎక్కువ నొక్కి 8,100 అన్నాడు. ఇరవై నలభై అయిదులు తొమ్మిది వందలని తెలిసినవాడు బిల్లు అంతకు తక్కువే ఉండాలని ఆ క్షణమే గ్రహిస్తాడు. ఎక్కాలు రానివాడికీ 8,100 ఎక్కువగా తోస్తుందనుకోండి, 910 అంటే మాత్రం నోరు మూసుకుని ఇచ్చేస్తాడు. కాలిక్యులేటర్ తప్పు చేయదు, నిజమే. నొక్కే వేలు చేస్తుంది. చాట్‌జీపీటీ లాంటివి వచ్చాక పరికరం తానే తప్పు చేసే రోజులు కూడా వచ్చాయి. పైగా తప్పు చెప్పేటప్పుడు దాని గొంతులో తడబాటు ఉండదు. సుమతీ శతకంలోని పద్యాన్ని వేమనకు అంటగట్టి చెప్పినా, ఇద్దరి మకుటాలూ ఛందస్సులూ తెలిసినవాడు ఒక్క చూపులో పట్టేస్తాడు. ఏమీ తెలియనివాడికి ఒప్పూ తప్పూ ఒక్కలాగే కనిపిస్తాయి. ఏం అడగాలో తెలియడానికి కూడా ముందే కొంత తెలిసి ఉండాలి కదా.

బుర్రకూ పరికరానికీ మధ్య పని పంచడం ఎలాగో అందరికంటే జాగ్రత్తగా ఆలోచించింది విమానాలు నడిపేవాళ్లు. వాళ్లకు గత్యంతరం లేక ఆలోచించారు. 1935 అక్టోబర్ 30న అమెరికాలో బోయింగ్ వారి కొత్త బాంబర్ ప్రదర్శన కోసం ఎగిరి కూలిపోయింది. నడిపినవాళ్లు కొత్తవాళ్లు కాదు. నేల మీద ఉన్నప్పుడు తోక భాగాలు కదలకుండా వేసే బిగింపును తీయడం మరిచారు. అన్ని పనులు గుర్తుపెట్టుకోవడం ఎంత అనుభవజ్ఞుడికైనా కుదరదని తేలిపోయి, కాగితం మీద చెక్‌లిస్ట్ పుట్టింది. వైద్యానికి ఈ పాఠం చాలా ఆలస్యంగా చేరింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన ఆపరేషన్ల చెక్‌లిస్టును ఢిల్లీతో సహా ఎనిమిది నగరాల ఆసుపత్రుల్లో పరీక్షించి 2009లో ఫలితాలు ప్రకటించారు. మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. రోజూ చేసే పనిలో ఏ మెట్టూ వదలకూడదంటే కాగితమే మేలు. ఇక్కడ జ్ఞాపకశక్తిని పొగడటం ప్రమాదకరం.

అయితే అదే పైలట్లకు కొన్ని పనులు మాత్రం చూడకుండా వచ్చి తీరాలి. వాటిని మెమరీ ఐటమ్స్ అంటారు. కాగితం తీసేంత వ్యవధి లేని అపాయాల్లో మొదట చేయాల్సిన కొద్ది పనులవి. అవి చేశాకే చెక్‌లిస్ట్ తెరుస్తారు. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పైకి లేచిన ఎయిర్‌బస్ ఏ320ని పక్షులు కొట్టి రెండు ఇంజన్లూ దెబ్బతిన్నాయి. విమానాన్ని నీటి మీద దించేలోగా పైలట్లకు దొరికింది మూడున్నర నిమిషాలు. సహ పైలట్ తెరిచిన చెక్‌లిస్ట్ చాలా ఎత్తులో ఇంజన్లు ఆగిపోతే వాడటానికి తయారుచేసినది, దాన్ని పూర్తి చేసే సమయమే లేదు. కెప్టెన్ సల్లెన్‌బర్గర్, ఆ జాబితాలో ఎక్కడో కింద ఉన్న సహాయక విద్యుత్ యూనిట్‌ను, దాని వంతు రాకముందే ఆన్ చేశాడు. దాంతో విమానంలో కరెంటు నిలిచింది. లోపలున్న 155 మందీ బతికారు.

అదే ఏడాది జూన్ 1న రియో నుంచి పారిస్ వెళ్తున్న ఎయిర్ ఫ్రాన్స్ 447 కథ వేరేలా ముగిసింది. వేగాన్ని కొలిచే గొట్టాల్లో మంచు స్ఫటికాలు అడ్డుపడి, ఆటోపైలట్ పని చేయడం ఆపేసింది. వేగం అంకెలు నమ్మదగినవిగా లేనప్పుడు ముక్కు ఎంత ఎత్తులో ఉంచాలి, ఇంజన్ శక్తి ఎంత పెట్టాలి అన్నదానికి పద్ధతి ఉంది. ఫ్రెంచి దర్యాప్తు నివేదిక ప్రకారం సిబ్బంది ఆ పద్ధతిని అమలు చేయలేదు. వేగం సూచీలు నిమిషంలోపే కోలుకున్నా విమానం అప్పటికే స్టాల్‌లోకి, అంటే రెక్కలకు పైకి లేపే బలం పోయే స్థితిలోకి వెళ్లి, అందులోంచి బయటపడలేదు. 228 మంది చనిపోయారు. ఆ ఎత్తులో చేత్తో నడిపే అభ్యాసం వాళ్లకు లేదని కూడా నివేదిక చెప్పింది. ఏళ్ల తరబడి పరికరం అంత చక్కగా పనిచేయడమే ఆ అవసరం రాకుండా చేసింది.

గూగుల్ వచ్చాక మన జ్ఞాపకాలు పాడైపోతున్నాయా అని అడుగుతారు చాలామంది. బెట్సీ స్పారో, మరో ఇద్దరు 2011లో సైన్స్ పత్రికలో అచ్చువేసిన ప్రయోగాల మీద ఈ భయం పెరిగింది. కంప్యూటర్‌లో దాచి ఉంటుందని చెబితే జనం విషయాన్ని తక్కువ గుర్తుపెట్టుకున్నారు, ఏ ఫోల్డర్‌లో ఉందో ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. ఆ వ్యాసంలోని మరో ప్రయోగాన్ని తర్వాత వేరేవాళ్లు మళ్లీ చేస్తే నిలబడలేదు. కాబట్టి బుర్రలు తుప్పు పట్టాయని గగ్గోలు పెట్టేంత రుజువు ఇందులో లేదు. ఎక్కడుందో గుర్తుంటే చాలనుకోవడం చాలా విషయాల్లో తెలివైన పనే. ఆధార్ నంబరు, కరెంటు బిల్లు సర్వీసు నంబరు, ఫలానా చట్టంలో సెక్షన్ ఎంత, ఇవన్నీ తలలో మోసుకు తిరగడం ఎందుకు?

మామూలు ఇంట్లో తలలోనే ఉండాల్సినవి కొన్నే. ఫోన్ పోయినా, ఛార్జింగ్ అయిపోయినా పనికొచ్చేలా ఇంట్లోవాళ్ల నంబర్లు రెండు. 108 ఎలాగూ అందరికీ తెలుసు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన ఆ అంబులెన్స్ సేవకు మూడే అంకెలు ఉండటంలోనే దాని సగం బలం ఉంది. ఇంట్లో ఎవరికి ఏ మందు పడదో తెలిసి ఉండాలి. ఎదుటి మనిషి కుప్పకూలి, పిలిస్తే పలక్క, ఊపిరి మామూలుగా ఆడకపోతే 108కి చెప్పి, రొమ్ము మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలి. అంబులెన్స్ వచ్చేదాకా ఆపకూడదు. ఇది వీడియో వెతుక్కుని చేసే పని కాదు. ఒకసారి బొమ్మ మీద నొక్కి నేర్చుకుని, అప్పుడప్పుడు మనసులో తిప్పి చూసుకోవాలి. పాము కరిస్తే గట్టిగా కట్టు కట్టకూడదు, కోయకూడదు, ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి ఆసుపత్రికి చేర్చాలి. విరేచనాలవుతున్న పిల్లకు అర్ధరాత్రి ఓఆర్‌ఎస్ పొట్లం దొరక్కపోతే, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో సమంగా తీసిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు కలపాలి. పంచదార కాస్త అటూ ఇటూ అయినా ఫర్వాలేదని ఎవరైనా అంటే నమ్మకండి, ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. ఉప్పు ఎక్కువైతే పసిపిల్లలకు ప్రాణం మీదికే వస్తుంది. అందుకే ఆరు, అర అని ఇప్పుడే ఒకసారి, చూడకుండా, అప్పజెప్పి చూడండి.